మెటల్ హెడ్ గ్యాస్కెట్‌కు ముందు: డిస్క్ పెట్టాలా, చేత్తో గీకాలా, ఫేసింగ్ కొట్టించాలా?

ఎండలు ముదిరితే నల్లగొండలోని మా షెడ్డుకు హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకు, దాని మీద కూర్చునే హెడ్డుకు మధ్య లీకు కాకుండా వేసే పలక) పోయిన బండ్లు వరుసగా వస్తాయి. మిర్యాలగూడ నుంచి బియ్యం లోడుతో బయలుదేరి నకిరేకల్ దగ్గర వేడెక్కి ఆగినవి ఉంటాయి. కూలెంట్ మానేసి ఏళ్ల తరబడి బోరు నీళ్లతోనే నడిచినవీ ఉంటాయి. మన బోరు నీళ్లు మరిగిస్తే గిన్నె అడుగున తెల్లగా పేరుకుంటుంది కదా, ఇంజన్ చుట్టూ నీళ్లు తిరిగే దారుల్లో, అంటే వాటర్ జాకెట్‌లోనూ అదే పేరుకుంటుంది. హెడ్ దించిన రోజు ఓనర్ నోట దాదాపు ఒకటే మాట: "అన్నా, పైసలు ఎక్కువైనా మంచిదే, ఈసారి మెటల్ది వెయ్యి. మళ్ల ఇప్పుడు పని పడొద్దు."

వేద్దాం. కానీ ఆ గ్యాస్కెట్ ఎన్నాళ్లుంటుందన్నది కింద బ్లాకు, పైన హెడ్డు ఎంత చదునుగా, ఎంత నున్నగా ఉన్నాయన్న దాని మీద ఉంటుంది. పాత రకం కాంపోజిట్ గ్యాస్కెట్ మెత్తనిది. చిన్న గీతలుంటే వాటిలోకి దిగి మూసేస్తుంది. మెటల్ గ్యాస్కెట్ సన్నని స్టీలు రేకుల పొరలతో చేస్తారు, ఎక్కువగా 3 నుంచి 5 దాకా ఉంటాయి. ఇంజన్ బోరు, అంటే పిస్టన్ ఆడే రంధ్రం, దాని చుట్టూ ఉబ్బెత్తు అంచు ఉంటుంది, అది స్ప్రింగులా పనిచేస్తుంది. పైన రబ్బరు పూత మిల్లీమీటరులో నలభయ్యో వంతు మందం కూడా ఉండదు. లోతు గీతను ఆ పూత పూడ్చలేదు. కాంపోజిట్‌కు 1.5 నుంచి 2.5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) గరుకు ఉన్నా పర్వాలేదు. మెటల్‌కు 1.25 దాటొద్దు, 0.8 దగ్గర ఉంటే ఇంకా మంచిది. వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది, దాంతో పోల్చుకోండి.

ముందు డిస్క్ సంగతి. గ్రైండర్‌కు గరుకు ప్యాడ్ తగిలించి తిప్పితే పాత గ్యాస్కెట్ ముక్కలు పది నిమిషాల్లో పోతాయి, లోహం తళతళా మెరుస్తుంది. అందుకే కుర్రాళ్లకు దాని మీద మోజు. నేనూ ఒకప్పుడు పెట్టాను. ఒక పికప్ బండికి అల్యూమినియం హెడ్, ఇనుప బ్లాకు రెండూ డిస్క్‌తోనే శుభ్రం చేసి మెటల్ గ్యాస్కెట్ వేశాను. నెల తిరక్కుండా రేడియేటర్‌లో బుడగలు మొదలయ్యాయి, అంటే బోరులోని గ్యాస్ నీళ్లలోకి లీకవుతోంది. హెడ్ మళ్లీ దించి స్ట్రెయిట్ ఎడ్జ్ (వంపు లేని స్టీలు స్కేలు) పెట్టి, వెనక నుంచి మొబైల్ టార్చ్ వేసి చూశాను. రెండో బోరుకు, మూడో బోరుకు మధ్య సన్నటి వెలుగు గీత కనిపించింది. డిస్క్ అక్కడ రెండు క్షణాలు ఎక్కువ నిలిచిందంతే, అల్యూమినియం గుంట పడింది. దానికన్నా బాధపెట్టింది ఇంకోటి. ఆయిల్ చాంబర్ దించితే కనెక్టింగ్ రాడ్ బేరింగుల మీద వేలితో తడిమితే తగిలేంత గీతలు. డిస్క్ నుంచి రాలే పొడి అల్యూమినియం ఆక్సైడ్, ఎమరీ పేపర్‌లో ఉండే సరుకే. ఆయిల్ రంధ్రాల్లోకి పోతే గుడ్డతో తుడిస్తే వచ్చేది కాదు. ఆ రోజు నుంచి మా షెడ్డులో గ్యాస్కెట్ ముఖం మీద డిస్క్ పెట్టనివ్వను.

చేత్తో గీకడం నిదానమైన పని, బ్లాకుకు మాత్రం చాలాసార్లు అదే మేలు. ఇంజన్ బండిలోనే ఉంటుంది, బ్లాకును మెషిన్ మీదికి ఎత్తాలంటే మొత్తం విప్పాలి. బోర్లలో గుడ్డలు కుక్కి, అంచు వెంట గ్రీజు రాసి, ఆయిల్ రంధ్రాలు మూసి, బ్లేడును పడుకోబెట్టినట్టు పట్టి గీకాలి. మొండి మరకలకు గ్యాస్కెట్ రిమూవర్ పూసి నానబెడితే గీకే పని సగం తగ్గుతుంది. చివర్లో వాటర్ పేపర్ వాడాల్సి వస్తే వేళ్లతో నొక్కి రుద్దకండి, చదునైన స్టీలు పట్టీకి చుట్టి తేలికగా లాగండి. బోల్టు రంధ్రాల్లో నీళ్లు, ఆయిల్ నిలవనివ్వొద్దు. అడుగు మూసుకున్న రంధ్రంలో ద్రవం ఉండగా బోల్టు బిగిస్తే ఒత్తిడికి బ్లాకే పగలొచ్చు.

చేత్తో చేసే పని మురికిని తీస్తుంది, వంపును తీయలేదు. కాబట్టి పొడవునా, అడ్డంగా, రెండు మూలల నుంచి ఏటవాలుగా స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ఫిల్లర్ గేజ్ (సందు కొలిచే సన్నని స్టీలు ఆకుల కట్ట) దూర్చి చూడండి. 0.05 మిల్లీమీటర్ల ఆకు దూరకపోతే నాకు తృప్తి. 0.1 దూరితే ఆ ముఖాన్ని అలాగే వాడను. బండి మాన్యువల్‌లో అంకె ఉంటే అదే లెక్క.

వేడెక్కి వచ్చిన అల్యూమినియం హెడ్ మాత్రం ఫేసింగ్‌కే, అంటే మెషిన్ మీద ముఖం చదును చేయించడానికే పంపుతాను. ఇక్కడ రెండు జాగ్రత్తలు. చాలాచోట్ల రాయి గ్రైండింగ్ చేస్తారు. ఇనుప హెడ్‌కు అది బాగుంటుంది. అల్యూమినియం మాత్రం రాయి రంధ్రాల్లో ఇరుక్కుని ముఖాన్ని చీరేస్తుంది, దానికి కట్టర్ ఉన్న మిల్లింగ్ మెషిన్ కావాలి. "ఎంత తక్కువ తీస్తే అంత మంచిది, ఆఖరి కోత పల్చగా, ఫీడ్ నెమ్మదిగా" అని నేనే దగ్గర నిలబడి చెప్తాను. హెడ్ తెచ్చాక గోరుతో గీస్తాను. గోరు దువ్వెన పళ్ల మీద నడిచినట్టు టకటకలాడితే వెనక్కి పంపిస్తాను.

రెండోది, హెడ్ వంగితే వాల్వులు తెరిచే కామ్ షాఫ్ట్ కూర్చునే పట్టాలు కూడా వంగుతాయి. కింద ముఖం చదును చేసినంత మాత్రాన పైన సరికాదు. ఓవర్‌హెడ్ కామ్ ఇంజన్ (కామ్ షాఫ్ట్ హెడ్ మీదే ఉండేది) అయితే, వాల్వుల ఒత్తిడి లేకుండా ఒట్టి కామ్‌ను పట్టాల్లో పెట్టి చేత్తో తిప్పి చూడండి. పట్టేస్తే ముందు ఆ వంపు సరిచేయించాలి. డీజిల్ అయితే ఫేసింగ్ తర్వాత వాల్వులు ఎంత లోపలికి ఉన్నాయో, పిస్టన్ బ్లాకు పైకి ఎంత పొడుచుకొస్తుందో కొలవాలి. చాలా డీజిల్ గ్యాస్కెట్ల అంచున కనిపించే చిన్న గుంటలు, రంధ్రాలు మందం గుర్తులే. పాతదాని గుర్తు చూసి తెచ్చుకుంటే, బ్లాకు కూడా ఫేసింగ్ అయిన ఇంజన్‌కు అది సరిపోకపోవచ్చు. తడి లైనర్లున్న (బయటి వైపు నీళ్లు తగిలేలా బ్లాకులో విడిగా కూర్చే సిలిండర్ గొట్టాలు) ట్రాక్టర్‌కు లైనర్ అంచు బ్లాకు పైకి ఎంత లేచిందో కూడా చూసుకోవాలి.

ఇక మహబూబ్‌నగర్ వైపు ఊళ్లలో, వరికోతల నడుమ ట్రాక్టర్ ఆగితే మెషిన్ దాకా తీసుకుపోయే తీరిక ఉండదు. బ్లాకు ముఖం అక్కడక్కడ తుప్పుతో తినిపోయి, గోరుకు అందుతుంటే, ఆ ఇంజన్‌కు కాంపోజిట్ దొరుకుతుంటే నేను అదే వేస్తాను. ఓనర్‌కు సంగతి విప్పి చెప్తాను: "ఇప్పుడు మెటల్ది వేస్తే మీ డబ్బు వృథా. పంట అయినంక ఇంజన్ దించి బ్లాకు ఫేసింగ్ కొట్టిద్దాం, అప్పుడు వేద్దాం." తుప్పు గుంటలు బోరు అంచుకు దూరంగా, నీళ్ల రంధ్రాల వెలుపల ఉంటే మెటల్‌కు కూడా అంత భయం లేదు. బోరు చుట్టూ అంచు కూర్చునే చోట ఉంటే మాత్రం ఒప్పుకోను.

మెటల్ గ్యాస్కెట్‌కు పేస్టు పూయకండి, కంపెనీ ప్రత్యేకంగా చెప్పిన చోట తప్ప. చాలామంది భద్రత కోసమని రాస్తారు, ఆ పేస్టే పూతను కూర్చోనివ్వదు. రెండు ముఖాలనూ థిన్నర్‌తో తుడిచి, తెల్ల బనియన్ గుడ్డకు నలుపు అంటడం ఆగాక, పొడిగా పెట్టండి. బిగించినప్పుడు సాగే రకం బోల్టులైతే కొత్తవి వేసి, టార్క్ రెంచ్‌తో మాన్యువల్ వరుసలోనే బిగించండి.