రెండు కంప్యూటర్ల లైసెన్స్: నాలుగేండ్ల వాడకం తర్వాత

నల్లగొండ ప్రకాశం బజార్‌లోని మా డీటీపీ దుకాణంలో ఒక తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌ను నాలుగేండ్లుగా వాడుతున్నాను. దాని కీబోర్డులు, ఫాంట్లు ఈ పని చేసేవాళ్లందరికీ తెలిసినవే కాబట్టి, లైసెన్స్ సంగతి ఒక్కటే రాస్తాను.

ఒకసారి కొంటే రెండు కంప్యూటర్లలో వేసుకోవచ్చన్నందుకే దీన్ని కొన్నాను. అంతకుముందు వాడినదానికి డాంగిల్ ఉండేది, అంటే కంప్యూటర్‌కు తగిలిస్తేనే సాఫ్ట్‌వేర్ నడిచే చిన్న పరికరం. దాన్ని దుకాణంలో మరిచిపోతే ఇంటి దగ్గర పని ఆగిపోయేది. ఇది వచ్చాక దుకాణంలో ఒకటి, ఇంటి ల్యాప్‌టాప్‌లో ఒకటి వేసుకుని, ఇంతకన్నా మంచి పద్ధతి లేదని తోటి దుకాణాల వాళ్లకు కూడా చెప్పాను. ఆ మాట ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. మా పాత కంప్యూటర్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు లేనందున విండోస్ 11కు అది పనికిరాలేదు. జనవరి చివరలో కొత్తది కొని, పాతదానిలో సాఫ్ట్‌వేర్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి, హార్డ్‌డిస్క్‌ను ఫార్మాట్ చేయించి, చుట్టాల పిల్లవాడికి ఇచ్చేశాను. కొత్తదానిలో లైసెన్స్ కీ కొట్టగానే, అనుమతించిన రెండు కంప్యూటర్లూ పూర్తయ్యాయని తెర మీద వచ్చింది. అన్‌ఇన్‌స్టాల్ చేస్తే ఫైళ్లు మాత్రమే పోతాయని, మదర్‌బోర్డు, హార్డ్‌డిస్క్‌ల గుర్తులతో కంపెనీ సర్వర్‌లో నమోదైన లెక్క అలాగే ఉంటుందని, ముందుగా సాఫ్ట్‌వేర్‌లోనే ‘డీయాక్టివేట్’ నొక్కి ఉండాల్సిందని నాకు అప్పుడు తెలిసింది. తీసేసేటప్పుడు ‘డీయాక్టివేట్ చేశారా?’ అని సాఫ్ట్‌వేర్ ఒక్క ప్రశ్న అడిగినా నేను ఆగి చూసేవాణ్ని. అడగలేదన్నదే నా బాధ.

మూఢం తర్వాతి ముహూర్తాల కోసం పత్రికల పని మొదలైన రోజులవి. పెండ్లి పత్రికలతో పాటు కరపత్రాల పని కూడా చేతిలో ఉంది. తిప్పర్తి నుంచి ఒక పెద్దాయన బిడ్డ పెండ్లి పత్రిక ప్రూఫ్ చూసుకోవడానికి వచ్చి కూర్చున్నాడు. సాఫ్ట్‌వేర్ లేని కంప్యూటర్‌లో ఆ ఫైలు తెరిస్తే, మ్యాటరు యూనికోడ్‌లో (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతిలో) లేనందున, పెండ్లికూతురి పేరు ఉండాల్సిన చోట అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు కనిపించాయి. ఆయన ముఖం చూసి నాకు చాలా కష్టమనిపించింది. ఇంటికి పోయి ల్యాప్‌టాప్ తెచ్చి, గంటన్నర తర్వాత ప్రూఫ్ ఇవ్వగలిగాను.

కంపెనీకి ఫోన్ చేస్తే కొన్నప్పటి బిల్లు పంపమన్నారు. మర్యాదగానే మాట్లాడారు కానీ, పాత లెక్క తీసేయడానికి ఆరు రోజులు పట్టింది. ఆ ఆరు రోజులూ ల్యాప్‌టాప్‌ను బ్యాగులో పెట్టుకుని తిరిగాను. రెండో కంప్యూటర్‌కు అనుమతి లేకపోతే ఆ సీజన్ పనంతా పక్క దుకాణానికి పోయేది కాబట్టి, ఆ సౌకర్యం విలువ లేనిదని మాత్రం అనను.

నేను, ఒక సహాయకుడు ఉన్న చిన్న దుకాణానికి ఇది ఇప్పటికీ సరిపోతుంది. ముగ్గురు నలుగురు టైపు చేసే చోట, కంప్యూటర్లు తరచూ మారే చోట, చేత్తో తీసి ఇంకోదానికి పెట్టుకునే డాంగిలే నయమేమో. నాలుగేండ్ల పత్రికల మ్యాటరంతా ఈ ఫాంట్లలోనే ఉన్నందున నేను దీన్ని వెంటనే వదులుకోలేను. కొత్తగా వచ్చే పనులను మాత్రం ఫిబ్రవరి నుంచి యూనికోడ్‌లో కూడా ఒక ప్రతి దాచుకుంటున్నాను.