మిడిల్‌సెక్స్ కౌంటీలో కాపురం: న్యూయార్క్ దగ్గరే, పక్క ఊరే దూరం

న్యూజెర్సీలోని మిడిల్‌సెక్స్ కౌంటీకి మేము వచ్చి పదేళ్ళు దాటింది. మొదట ఇజెలిన్‌లో అద్దె అపార్ట్‌మెంటులో ఉన్నాము, తరువాత ఎడిసన్‌లో ఇల్లు కొనుక్కున్నాము. ఇన్నేళ్ళలో నాకు గట్టిపడిన అభిప్రాయం ఒకటుంది: ఇక్కడి నుంచి న్యూయార్క్ నగరానికి వెళ్ళి రావడం సులువే గానీ, కారు లేకుండా పక్క ఊరికి వెళ్ళి రావడం మాత్రం పెద్ద పని. ఇల్లు వెతుక్కునేవారు పడక గదులు ఎన్ని అని అడగడానికి ముందు ఈ సంగతి ఆలోచించుకోవాలి.

2020 జనాభా లెక్కల ప్రకారం ఈ కౌంటీలో 8,63,162 మంది ఉన్నారు. ఇంతమంది ఉన్నా దీనికి నడిబొడ్డున ఒక పెద్ద నగరమంటూ లేదు. ఎడిసన్, వుడ్‌బ్రిడ్జ్, న్యూ బ్రన్స్‌విక్ వంటి 25 స్థానిక సంస్థలు పక్కపక్కనే ఉంటాయి. ఒక ఊరు ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలైందో దారిన పోయేవారికి తెలియదు, ఆస్తి పన్ను బిల్లు చూసినప్పుడు మాత్రం తప్పకుండా తెలుస్తుంది.

రాకపోకలలో ఈ కౌంటీకి ప్రాణం రైలే. ట్రెంటన్ నుంచి న్యూయార్క్ వెళ్ళే మార్గంలో జెర్సీ అవెన్యూ, న్యూ బ్రన్స్‌విక్, ఎడిసన్, మెటచెన్, మెట్రోపార్క్ స్టేషన్లు వరుసగా వస్తాయి. వీటిలో మెట్రోపార్క్ మేలు. అక్కడ దూరప్రాంతాలకు వెళ్ళే ఆమ్‌ట్రాక్ రైళ్ళు కూడా ఆగుతాయి, కాబట్టి ఫిలడెల్ఫియాకో వాషింగ్టన్‌కో వెళ్ళవలసి వచ్చినా కారు తీయనక్కరలేదు. అంతా సవ్యంగా ఉంటే ముప్పావు గంటకు కాస్త అటూ ఇటుగా మాన్‌హట్టన్‌లో దిగవచ్చు. ఇదే మార్గంలో నూవర్క్ విమానాశ్రయానికి ప్రత్యేకంగా స్టేషను ఉంది. ఇండియా నుంచి వచ్చేవారి పెట్టెల బరువు తలచుకుంటే దాన్ని వాడుకునే ధైర్యం రాదు గానీ, ఒక్క చేతిసంచితో వెళ్ళే ప్రయాణాలకు అంతకంటే హాయి లేదు.

అంతా సవ్యంగా ఉంటే అన్న మాట ఊరికే అనలేదు. ఈ మార్గంలో హాకెన్‌సాక్ నది మీది పోర్టల్ వంతెన 1910 నాటిది. పడవలకు దారి ఇవ్వడానికి పక్కకు తిరిగే ఆ వంతెన ఒక్కొక్కసారి తిరిగి సరిగ్గా మూసుకోకపోవడం, రైళ్ళు బారులు తీరడం అందరికీ తెలిసిందే. హడ్సన్ నది కింది సొరంగాలదీ అదే వయసు, పైగా 2012లో శాండీ తుపానుకు వాటిలోకి ఉప్పునీరు చేరింది. పోర్టల్ వంతెన పక్కనే కొత్త వంతెన పని 2022లో మొదలైంది. రోజూ ఆఫీసుకు వెళ్ళేవారు మాత్రం ఉదయం తొమ్మిదింటి సమావేశానికి తొమ్మిదింటికి చేరే రైలు ఎక్కకూడదు.

ఇక కౌంటీ లోపలి తిరుగుడు సంగతి. రూట్ 1 హైవే మీద కొత్తగా కారు నడిపేవారికి మొదట అర్థం కానిది ఎడమ మలుపు. చాలా కూడళ్ళలో ఎడమకు తిరగాలంటే ముందు కుడి పక్కన ఉన్న జగ్‌హ్యాండిల్ అనే మళ్ళింపు దారిలోకి దిగి, చుట్టు తిరిగి వచ్చి, సిగ్నల్ దగ్గర రోడ్డును అడ్డంగా దాటాలి. అది తెలియక ఎడమ లేనులో నిలబడితే రోడ్డు మధ్యలోని కాంక్రీటు గోడ పక్కనే సాగిపోయి, మరో కూడలి దాకా వెళ్ళవలసిందే. అలవాటైతే ఇబ్బంది లేదు. పెట్రోలు మనమే కొట్టుకోకూడదన్న చట్టం ఇప్పటికీ ఉన్న రాష్ట్రం అమెరికాలో ఇదొక్కటే. జనవరి చలిలో ఆ చట్టం మీద నాకు అపారమైన గౌరవం కలుగుతుంది.

నడిచేవారి కష్టం వేరు. మా నాన్నగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు, కనుచూపు మేరలో ఉన్న ఇండియన్ స్టోరుకు పాలు తెస్తానని బయలుదేరారు. కాలిబాట ఒక ఆఫీసు భవనం ముందు దాకా బాగానే ఉండి, అక్కడి నుంచి గడ్డిలోకి మాయమైంది. అవతల ఆరు వరుసల వాహనాలు, దాటడానికి గీతలు లేవు. ఆయన వెనక్కి వచ్చి, "కనబడుతోంది గానీ చేరే దారి లేదురా," అన్నారు. మా వైపు బస్సు గంటకొకటి వస్తుంది, ఆదివారం అదీ లేదు. తల్లిదండ్రులు ఆరు నెలలు ఉండడానికి వస్తున్నారంటే ఓక్ ట్రీ రోడ్డుకు నడిచిపోగల దూరంలో ఇల్లు తీసుకోవడం మంచిది. ఇజెలిన్‌లో, దానిని ఆనుకొని ఎడిసన్‌లో ఆ రోడ్డు పొడవునా కూరగాయలు, టిఫిను సెంటర్లు, నగల దుకాణాలు, చీరల కొట్లు అన్నీ ఉన్నాయి. పెద్దవాళ్ళు ఎవరి సాయమూ లేకుండా పూటంతా గడపగల చోటు నాకు తెలిసి కౌంటీలో అదొక్కటే. శనివారం సాయంత్రం మాత్రం అక్కడికి కారులో వెళ్ళకండి, పార్కింగు వెతికేసరికి ఇడ్లీ పిండి కొనాలన్న కోరికే చచ్చిపోతుంది. బ్రిడ్జ్‌వాటర్‌లోని వేంకటేశ్వరస్వామి గుడి పక్క కౌంటీలో ఉంది, 287 హైవే మీద కారులో వెళ్ళడమే మార్గం.

ఖర్చు విషయానికి వస్తే, ఆస్తి పన్ను దేశంలోనే అతి ఎక్కువగా ఉన్న రాష్ట్రం ఇది. అందులో పెద్ద భాగం బడులకు పోతుంది కాబట్టి, పిల్లలు చదువుకునే వయసులో ఉన్నవారు అంతగా బాధపడరు. బట్టల మీద అమ్మకపు పన్ను లేదు, ఆ ఆదా ఆస్తి పన్నుకు ఏ మూలకూ రాదు.

ఇల్లు ఖాయం చేసుకునే ముందు, పగటి పూట ఏజెంటు కారులో కాకుండా, చీకటి పడ్డాక స్టేషను నుంచి ఆ ఇంటి దాకా ఒకసారి నడిచి చూడండి. కాలిబాట చివరిదాకా ఉందా, వీధి దీపాలు వెలుగుతున్నాయా గమనించండి. స్టేషను పార్కింగు పర్మిట్టు ఆ ఊరి నివాసులకే ఇస్తారా, వరుసలో ఎంతకాలం ఆగాలి అన్నది అడ్వాన్సు ఇవ్వక ముందే ఫోను చేసి కనుక్కోండి.