డబుల్ మార్కరా, ఎన్‌ఐపీటీనా? మూడో నెల చివర్లో ఏది మేలు?

మా చెల్లికి ఇప్పుడు పన్నెండో వారం. వేవిళ్లు తగ్గి కాస్త చారన్నం నిలుస్తోంది అనుకునేలోపే డాక్టరమ్మ రాసిన చీటీ ఫొటో పంపింది. ఎన్‌టీ స్కాన్, డబుల్ మార్కర్ అని ఉంది. కింద ‘లేదా ఎన్‌ఐపీటీ’ అని ఇంకో ముక్క. కడుపులో బిడ్డకు డౌన్ సిండ్రోమ్ (ఒక క్రోమోజోము అదనంగా ఉండటం వల్ల ఎదుగుదల మందగించే జన్యు సమస్య) లాంటివి ఉండే అవకాశం ఎంతో చూసే పరీక్షలివి. డబుల్ మార్కర్, ఎన్‌ఐపీటీ రెండూ తల్లి రక్తంతో చేసేవే. "అక్కా, ఒకటి మూడు వేల లోపట, ఇంకోటి పదిహేను వేలట. ఖరీదైనదే మంచిదా?" అని అడిగింది. వాళ్ల అత్తగారిది మరో మాట: "ఇవన్నీ మా కాలంలో ఉన్నాయా? ఐదో నెలలో టిఫా స్కాన్ చేయిస్తే చాలదూ?"

ఎన్‌టీ స్కాన్ సంగతి ముందు తేల్చేద్దాం. దీనికి ఏదీ పోటీ కాదు. 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల లోపు బిడ్డ మెడ వెనక చర్మం కింద ఉండే నీటి పొర మందాన్ని కొలుస్తారు. గడువు దాటితే ఆ కొలతతో పని లేదు. అదే స్కాన్‌లో పుర్రె సరిగా ఏర్పడిందా, ముక్కు ఎముక కనిపిస్తోందా, కాన్పు తేదీ సరైనదేనా, కవలలైతే ఇద్దరిదీ ఒకే మాయా కాదా అన్నీ తెలుస్తాయి. ‘ఎన్‌ఐపీటీకి అంత డబ్బు పోశాం, ఇక స్కాన్ ఎందుకు’ అనుకునేవాళ్లు ఉన్నారు. రక్తపరీక్షకు పుర్రె ఎలా కనిపిస్తుంది?

కాబట్టి అసలు పోటీ రక్తం దగ్గరే.

డబుల్ మార్కర్‌లో తల్లి రక్తంలోని ఫ్రీ బీటా హెచ్‌సీజీ, పాప్-ఏ అనే రెండు పదార్థాలను కొలుస్తారు. వాటికి వయసు, బరువు, స్కాన్ కొలత కలిపి రిస్క్ లెక్క కడతారు. స్కాన్‌తో కలిపి చూస్తే డౌన్ సిండ్రోమ్ ఉన్న ప్రతి 100 గర్భాల్లో 85 నుంచి 90 దాకా దొరుకుతాయి. చిక్కేమిటంటే, ఏ సమస్యా లేని 100 మందిలో దాదాపు ఐదుగురికి ‘హై రిస్క్’ అని వస్తుంది. రిపోర్టులో 1:180 అని ఎర్రగా కనిపిస్తే ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. దాని అర్థం అలాంటి 180 మందిలో ఒకరికి సమస్య ఉండొచ్చని, 179 మందికి లేదని. ఈ మాట రిపోర్టు చేతికిచ్చే కౌంటర్లో ఎవరూ చెప్పరు.

ఎన్‌ఐపీటీ పదో వారం నుంచే చేస్తారు. మాయ నుంచి తల్లి రక్తంలోకి వచ్చే డీఎన్‌ఏ ముక్కలను చదువుతుంది. డౌన్ సిండ్రోమ్ విషయంలో 100కి 99 దాకా పట్టేస్తుంది, అనవసరంగా భయపెట్టడం చాలా తక్కువ. అయితే ఆ డీఎన్‌ఏ బిడ్డది కాదు, మాయది. రెండూ ఒక్కోసారి వేరుగా ఉంటాయి. అందుకే ఇదీ స్క్రీనింగే, అంటే అవకాశం ఎంతో చెప్పే అంచనా, నిర్ధారణ కాదు. పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. 11–14 వారాల మధ్య మాయ ముక్క తీసి చేసే సీవీఎస్‌తో గానీ, 15 వారాలు దాటాక ఉమ్మనీరు తీసి చేసే పరీక్షతో గానీ నిర్ధారించుకోవాలి. వాటివల్ల గర్భం పోయే ప్రమాదం ఒక శాతం కన్నా తక్కువ. తల్లి బరువు బాగా ఎక్కువైతే ఎన్‌ఐపీటీలో ఫలితమే రాక మళ్లీ రక్తం ఇవ్వాల్సి రావచ్చు.

నన్నడిగితే, 35 లోపు వయసుండి, ఇంట్లో జన్యు సమస్యల చరిత్ర లేకపోతే ముందు స్కాన్, డబుల్ మార్కర్ చాలు. రిస్క్ ఎటూ తేలకుండా మధ్యలో వస్తే అప్పుడు ఎన్‌ఐపీటీకి ఖర్చు పెట్టొచ్చు. 35 దాటినవాళ్లు, ముందు కాన్పులో ఇలాంటి సమస్య చూసినవాళ్లు డాక్టరుతో మాట్లాడి నేరుగా ఎన్‌ఐపీటీకే వెళ్లడం మేలు. స్కాన్‌లో మెడ వెనక కొలత 3.5 మి.మీ. లేదా అంతకు మించి వస్తే మాత్రం ఎన్‌ఐపీటీతో సరిపెట్టుకోకూడదు. మామూలు ఎన్‌ఐపీటీ చూసేది కొన్ని క్రోమోజోములనే. అప్పుడు జన్యు నిపుణుల దగ్గరికే వెళ్లాలి.

చవకదానికి ఇంకో లాభం ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పాప్-ఏ బాగా తక్కువుంటే మాయ సరిగా పని చేయకపోవచ్చని సూచన. బీపీ, స్కాన్‌లో చూసే రక్తప్రసరణతో కలిపి, ముందుముందు గర్భంలో బీపీ పెరిగే ప్రమాదాన్ని అంచనా వేస్తారు. ప్రమాదం ఉందనుకుంటే 16 వారాల లోపే తక్కువ డోసు ఆస్పిరిన్ మొదలుపెట్టిస్తారు. మామూలు ఎన్‌ఐపీటీ రిపోర్టులో ఇది ఉండదు.

అత్తగారి టిఫా మాటకొస్తే, 18–22 వారాల మధ్య ఆ స్కాన్ తప్పకుండా కావాలి. గుండె, వెన్ను, కిడ్నీలు వివరంగా కనిపించేది అందులోనే. కానీ డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డల్లో చాలామంది ఆ స్కాన్‌లో మామూలుగానే కనిపించవచ్చు. పైగా అప్పుడు అనుమానం వచ్చి ఉమ్మనీటి పరీక్ష చేయించి, రిపోర్టు కోసం ఆగేసరికి రోజులు గడిచిపోతాయి. నిర్ణయం తీసుకోవడానికి చట్టం పెట్టిన గడువులూ ఉన్నాయి. గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ ప్రకారం 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. కొన్ని ప్రత్యేక వర్గాలకు 24 దాకా ఇద్దరిది కావాలి. అదీ దాటితే బిడ్డలో తీవ్ర లోపం ఉందని మెడికల్ బోర్డు తేల్చాలి.

ఎన్‌ఐపీటీలో ఆడా మగా తెలుస్తుందటగా అని మరిది ఆరా తీశాడట. లింగ నిర్ధారణను నిషేధించే 1994 చట్టం ప్రకారం ఆ వివరం చెప్పడం నేరం, ల్యాబ్‌లు రిపోర్టులో ఇవ్వవు.

చెల్లికి 27 ఏళ్లు. డబుల్ మార్కరే చేయించుకోమన్నాను. గురువారం స్కాన్, అదే రోజు రక్తం. ఫారంలో పుట్టిన తేదీ సరిగా రాయమని, పోయిన నెల బరువు కాకుండా ఆ రోజు తూచిన బరువే చెప్పమని చెప్పాను. రిస్క్ లెక్క దాన్ని బట్టే మారిపోతుంది. అత్తగారు తోడు వెళ్తానన్నారు.