185 అని చెప్పి వేరే 185 అంటగట్టారు: కారవాన్ ట్రైలర్‌కి టైర్లు కొనేవాళ్ళు జాగ్రత్త

బండి వెనక తగిలించి లాగే ట్రైలర్ ఉన్నవాళ్ళు, కారవాన్ అయినా, టిఫిన్ బండి అయినా, ఇది ఒకసారి చదవండి. 2025 మార్చిలో 8,600 పోసి రెండు కొత్త టైర్లు వేయించాం. మే నెలలో అందులో ఒకటి మొయినాబాద్ దాటాక ముక్కలు ముక్కలైపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదొక్కటే అదృష్టం. షాపువాడి మోసం కొంత, మా బద్ధకం కొంత. రెండూ రాస్తాను.

మా బావా నేనూ కలిసి మూడేళ్ళ కింద సెకండ్ హ్యాండ్‌లో చిన్న కారవాన్ ట్రైలర్ కొన్నాం. ఒకటే యాక్సిల్, రెండు చక్రాలు, లోపల నలుగురికి పడక, చిన్న వంటగట్టు. బావ బొలెరోకి తగిలించి అనంతగిరి, నాగార్జునసాగర్, ఇలా తిరుగుతుంటాం. (దాని రిజిస్ట్రేషన్ కథ వేరు, అది ఇంకో రోజు.) పాత టైర్లు గుండు అయిపోయాయి. హైదరాబాద్‌లో ఎల్బీ నగర్ వైపు ఒక షాపుకి తీసుకెళ్ళాం. పేరు రాయను, ఫిర్యాదు నడుస్తోంది.

పాత టైరు మీద 185 ఆర్ 14 సి అని ఉంది. షాపాయన ఒక్క చూపు చూసి "సేమ్ సైజు ఉంది అన్నా, కంపెనీ మాల్" అన్నాడు. పక్కా బిల్లు అయితే 28 శాతం జీఎస్టీ పడుతుంది, కచ్చా బిల్లు అయితే తగ్గిస్తానన్నాడు. మేము సంబరంగా తలూపాం. (2025 సెప్టెంబర్ 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. ఇప్పుడు కొనేవాళ్ళు ఆ మాటకి పడిపోకండి.) కాగితం మీద "టైర్ 185-14, 2 నెం." అని గీకి ఇచ్చాడు. నైట్రోజన్ కొట్టించుకోండి, చల్లగా ఉంటుంది అన్నాడు. అదీ కొట్టించాం, 35 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత). మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంటుందని నాకు తెలుసు, బడిలో చదివాను. అయినా అక్కడ నిలబడ్డప్పుడు గుర్తు రాలేదు.

మే నెల, ఆదివారం, అనంతగిరికి బయలుదేరాం. పెద్ద అంబర్‌పేట దగ్గర ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి అప్పా జంక్షన్ దగ్గర దిగి, బీజాపూర్ రోడ్డు పట్టుకున్నాం. ఓఆర్‌ఆర్ మీద బావ 80 దాటించలేదు, అది ఒప్పుకోవాలి. మొయినాబాద్ దాటి మర్రిచెట్ల నీడలోకి వచ్చేసరికి పదకొండున్నర. స్కూటీ మీద ఒకతను మా పక్కకి వచ్చి హారన్ కొడుతూ చెయ్యి ఊపుతున్నాడు. ముందు తిడుతున్నాడేమో అనుకున్నాం. అద్దం దించితే "అన్నా, వెనక టైరు పోయింది, పొగలొస్తున్నయ్" అన్నాడు. అప్పటికి రబ్బరు కాలిన వాసన కూడా మా బండిలోకి రాలేదు.

ట్రైలర్ సంగతే అంత. కారు టైరు పోతే స్టీరింగ్ లాగుతుంది, సీటు ఊగుతుంది, మనకి తెలుస్తుంది. వెనక తగిలించిన దానిలో మనిషి ఉండడు కాబట్టి చెప్పేవాడు లేడు. గాలి పోయిన టైరు మీదే ఎంత దూరం లాక్కొచ్చామో మాకు ఇప్పటికీ తెలియదు. ఎడమ టైరు సైడ్‌వాల్ (పక్క గోడ) చుట్టూ కోసినట్టు విడిపోయింది. పైన ఊడిన పట్టీ తిరుగుతూ తిరుగుతూ మడ్‌గార్డ్‌ని చీల్చి, దాని వెనకున్న నీళ్ళ పైపుని తెంపేసింది. ట్యాంకు నీళ్ళన్నీ రోడ్డు పాలు. అమ్మ ఆ మర్రిచెట్టు కిందే దుప్పటి పరిచి పులిహోర డబ్బా తీసింది, ఇక అనంతగిరి ఇదే అన్నట్టు.

జాకీ పెట్టి స్టెప్నీ దించాం. స్టెప్నీ మార్చలేదు, పాత సెట్‌లోదే. దాన్ని బిగించి జాకీ దించగానే ట్రైలర్ కుడివైపుకి వాలి నిలబడింది. ఏదో విరిగిందనుకుని నేను కంగారు పడ్డాను. బావ కిందికి వంగి రెండు టైర్లనీ మార్చి మార్చి చూసి "ఇది పొట్టి, అది పొడుగు" అన్నాడు. పోయిన టైరుని స్టెప్నీ పక్కన నిలబెట్టి ఉంటే రెండు వేళ్ళ మందం తేడా షాపులోనే కనపడేది. అక్కడ ఎవరు నిలబెట్టారు?

అప్పుడు తీరిగ్గా కూర్చుని చదివాం. స్టెప్నీ మీద: 185 ఆర్ 14 సి, 102/100, 8 పీఆర్. కొత్త టైరు మీద: 185/70 ఆర్ 14, 88. రెండిట్లోనూ 185 ఉంది, రెండిట్లోనూ 14 ఉంది. షాపాయన బిల్లు మీద రాసింది అబద్ధం కాదు మరి.

ఆ 185 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 14 రిమ్ సైజు, అంగుళాల్లో. మధ్యలో 70 అని ఉంటే టైరు గోడ ఎత్తు వెడల్పులో 70 శాతం అని. ఏమీ లేకుండా ఉట్టి 185 ఆర్ 14 అని ఉంటే గోడ ఇంకా ఎత్తు, దాదాపు 80 శాతం. అందుకే ఆ మూడున్నర సెంటీమీటర్ల తేడా. చివర ఉన్న సి అంటే సరుకు బండ్ల టైరు. కొన్నిటి మీద ఎల్‌టీ అని ఉంటుంది. ఈ రెండూ లేనిది మామూలుగా కారు టైరు, అంతే.

అసలు ప్రాణం మాత్రం ఆ తర్వాతి అంకెలో ఉంది. దాన్ని లోడ్ ఇండెక్స్ అంటారు. 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది. 102 అంటే 850. దాని పక్కనున్న 100, ఒకే వైపు రెండు టైర్లు జంటగా వేసే లారీలాంటి వాటికి, 800. మనకి మొదటి అంకె చాలు. 8 పీఆర్ అంటే లోపల ఎనిమిది పొరలు లెక్కపెట్టి వేశారని కాదు, ఆ పాత లెక్క ప్రకారం అంత బలమని. ఇంకో మాట. అమెరికాలో కారు టైరుని ట్రైలర్‌కి వేస్తే దాని బరువు లెక్కని 1.1 తో భాగించాలని రూలే ఉంది. అలా చూస్తే 560 కాస్తా 509. అక్కడ ట్రైలర్లకి ఎస్‌టీ అని వేరే టైర్లే ఉంటాయి. మనకి షాపుల్లో మామూలుగా దొరికేవి సరుకు బండ్ల టైర్లే, అవి వేసుకోవచ్చు. కారు టైర్లు మాత్రం వద్దు.

ఇంతకీ మా ట్రైలర్ బరువెంత? మూడేళ్ళుగా ఎవరైనా అడిగితే "టన్ను లోపే" అనేవాళ్ళం. ఎలా తెలుసంటే, అమ్మినాయన చెప్పాడు. రిపేరు అయ్యాక నీళ్ళు నింపి, సిలిండర్ పెట్టి, పరుపులూ గిన్నెలూ అన్నీ సర్ది ఆటోనగర్‌లో ధర్మకాంటా ఎక్కించాం. బొలెరోకి తగిలించే ఉంచి, ట్రైలర్ చక్రాలు మాత్రమే కాంటా మీద ఉండేలా నిలబెట్టాలి. అప్పుడు యాక్సిల్ మీద పడే బరువు తెలుస్తుంది. 1,160 వచ్చింది. విప్పేసి ట్రైలర్ ఒక్కదాన్నే పెడితే 1,280. అంటే 120 కిలోలు బొలెరో హుక్కు మీద పడుతున్నాయి.

అక్కడితో ఆగి ఉంటే సగానికి సగం చక్రానికి 580 అనుకుని వచ్చేసేవాళ్ళం. కాంటా అబ్బాయి తెలివైనవాడు. "ఒక పక్క చక్రం ఒక్కటే ఎక్కించి చూడండి అన్నా, ఎప్పుడూ సమానం ఉండదు" అన్నాడు. ఎడమ 640, కుడి 520. వంటగట్టు ఎడమవైపు, 80 లీటర్ల నీళ్ళ ట్యాంకు ఎడమవైపు, సిలిండర్ కూడా అటే. 560 మోసే టైరు మీద 640 పెట్టి, మే నెల ఎండలో తిప్పాం. ఎడమదే పోవడంలో వింత లేదు.

ఇప్పుడు మోసంలో రెండో సగం. మామూలుగా టైరు మీద డీఓటీ అనే అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఆ తేదీ చాలా టైర్లకి ఒకవైపు గోడ మీదే ఉంటుంది. మా రెండిటికీ ఆ వైపు లోపలికి తిప్పి బిగించారు. ట్రైలర్ కిందికి దూరి, వెల్లకిలా పడుకుని, ఫోన్ టార్చి వేస్తే కనపడింది: 2319. 2019లో 23వ వారం, అంటే జూన్ మొదట్లో. 2025 మార్చిలో "కొత్తవి" అని మాకు అమ్మాడు! ఒక్క కిలోమీటరు తిరగనివే, కాదనను. పైన రబ్బరు వెంట్రుకలు కూడా అలాగే ఉన్నాయి, నల్ల పాలిష్ కొట్టి నిగనిగలాడించారు. కానీ రబ్బరు మూలన పడి ఉన్నా ముసలిదవుతుంది. నెలల పాతది అయితే ఫర్వాలేదు, గోడౌన్లో కొన్ని నెలలు ఉండటం మామూలే. నేనైతే ఏడాది దాటింది తీసుకోను. ఆరేళ్ళు దగ్గర పడిందంటే అది మార్చాల్సిన టైరు, కొనాల్సింది కాదు.

గాలి దగ్గర తప్పు షాపుదీ, మాదీ. 35 కారు లెక్క. 185 ఆర్ 14 సి, 8 పీఆర్ టైరు 850 కిలోలు మోయాలంటే 65 పీఎస్ఐ ఉండాలి, ఆ మాట సైడ్‌వాల్ మీదే రాసి ఉంటుంది. 35 తో ఆ బలమంతా రాదు. టైరు మోసేది రబ్బరు బలంతో కాదు, లోపలి గాలితో. గాలి తక్కువైనా, బరువు ఎక్కువైనా గోడ ప్రతి చుట్టుకీ ఎక్కువ వంగుతుంది, వంగిన కొద్దీ వేడెక్కుతుంది, వేడికి లోపలి పొరలు విడిపోతాయి. మా టైరు చేసింది అదే. కంపెనీ చార్టులో ఏ బరువుకి ఎంత గాలి అని ఉంటుంది, అది చూసి పైన కొంచెం మిగులు పెట్టుకోండి. మా 640 కి 55 పెడుతున్నాం. ఒకే యాక్సిల్ మీద రెండు వైపులా ఒకటే పెట్టండి, బరువు ఎక్కువ ఉన్న వైపు లెక్కతో.

కొలిచేది టైరు చల్లగా ఉన్నప్పుడే. మూడు గంటలైనా బండి కదలకుండా ఉండాలి, వీలైతే పొద్దున్నే ఎండ పడకముందు. 55 దగ్గర ఉన్న టైరు పది డిగ్రీలు వేడెక్కితే రెండు పాయింట్ల పైనే పెరుగుతుంది. దారిలో కొలిచి "అమ్మో 63 అయ్యింది" అని గాలి తీసేయకండి, చల్లారాక తక్కువైపోతుంది. మా బావ సాగర్ దారిలో ఒకసారి సరిగ్గా ఈ పనే చేశాడు. అప్పుడు నేను మెచ్చుకున్నాను కూడా.

వాల్వ్ కూడా చూసుకోండి. మామూలు రబ్బరు వాల్వులు 65 వరకే. అంతకన్నా ఎక్కువ గాలి పెట్టే టైరు అయితే మెటల్ వాల్వ్ వేయించాలి. రిమ్ కూడా అంత గాలి తట్టుకునేదేనా అని అడగాలి.

షాపుకి వెళ్ళి అడిగితే మొదటి మాట "ఓవర్‌లోడ్ చేశారు". నిజమే కదా అన్నాను. ఓవర్‌లోడ్ అయ్యే టైరు ఎవరిచ్చారు అంటే "సైజు అదే కదా" అన్నాడు. 2019 సంగతి అడిగితే "మా దగ్గర కొన్నట్టు బిల్లు ఎక్కడ?" కచ్చా బిల్లు మీద షాపు పేరు కూడా లేదు. ఫోన్‌పేలో డబ్బులు వెళ్ళిన రికార్డు ఒక్కటే మిగిలింది. దాన్నీ, టైర్ల ఫొటోలనీ పట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కి ఫిర్యాదు ఇచ్చాం. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కొన్న వస్తువు విలువ ఐదు లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు. పక్కా బిల్లు మీద కంపెనీ, పూర్తి సైజు, లోడ్ ఇండెక్స్, తేదీ కోడ్ రాయించుకుని ఉంటే ఇంత తిరుగుడు ఉండేది కాదు. రాయనంటే ఆ షాపులోంచి బయటికి వచ్చేయండి.

జూన్‌లో రాణీగంజ్ వైపు ఇంకో షాపులో అసలైన సైజే దొరికింది. ఐఎస్ఐ మార్కు ఉంది, కోడ్ 0925. తేదీ ఉన్న వైపు బయటికి పెట్టి బిగించమని బావ దగ్గర నిలబడి చెప్పాడు. నీళ్ళ ట్యాంకు కుడివైపుకి మార్పించాం. స్టెప్నీ కూడా కొత్తదే తీసుకున్నాం, ఎందుకంటే ఆ రోజు మమ్మల్ని ఇంటికి చేర్చిన పాతదాని కోడ్ ఆ తర్వాత చూశాను: 2016ది. నలభై మీద మెల్లగా వచ్చాం కాబట్టి సరిపోయింది.

కొత్త మడ్‌గార్డ్ మీద బావ తెల్ల పెయింట్‌తో పెద్దగా 55 అని రాశాడు. మొన్న పెట్రోల్ బంకులో గాలి కొట్టే పిల్లవాడు పైపు పట్టుకుని వచ్చి ఆ అంకెని చూశాడు, మమ్మల్ని చూశాడు. "35 కొట్టాలె కదా అన్నా?" అన్నాడు.