శంఖం మడతకు ఏ కాగితం నిలుస్తుంది? నాలుగేళ్ల అనుభవం

నా పుస్తకాల అరలో ఒక అద్దాల పెట్టె ఉంది. నాలుగేళ్లుగా మడిచిన కాగితపు శంఖాలు, నత్తగుల్లలు, ఆల్చిప్పలు అందులో వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కోదాని అడుగున పెన్సిలుతో తేదీ, కాగితం రకం రాసిపెట్టాను. మడిచిన రోజున అన్నీ ముద్దుగానే ఉన్నాయి. ఇప్పుడు చూస్తే కొన్ని విచ్చుకున్నాయి, కొన్ని వెలిసిపోయాయి, కొన్ని మాత్రం నిన్న మడిచినట్టే ఉన్నాయి. ఒరిగామి (కాగితం మడిచి బొమ్మలు చేసే కళ) కాగితం మంచిదో కాదో మడిచిన పూటే తేల్చి చెప్పడం నేను మానేసింది ఈ పెట్టెను చూశాకే.

నేను ఎక్కువగా మడిచేది చుట్టు శంఖం. 15 సెంటీమీటర్ల చదరపు కాగితాన్ని కర్ణం మీద మడిచి విప్పుతాను. రెండు అంచులనూ ఆ గీత దగ్గరికి చేరిస్తే గాలిపటం ఆకారం వస్తుంది. మరోసారి అలాగే చేరిస్తే 22.5 డిగ్రీల కోణంతో, 21 సెంటీమీటర్ల పొడవుతో బల్లెం మొనలాంటి రూపం మిగులుతుంది. మొన దగ్గర మొదలుపెట్టి కొండ మడత (గీత పైకి లేచేది), లోయ మడత (గీత లోపలికి దిగేది) కొంచెం ఏటవాలుగా, ఒకదాని వెంట ఒకటి వేసుకుంటూ వెడల్పు వైపు పోవాలి. నాలుగైదు మడతలు పడేసరికి కాగితం ఒంపు తిరగడం మొదలవుతుంది. ఎన్నోసార్లు చూసినా ఆ క్షణం నాకు పాతబడలేదు.

మొదటి ఆరు నెలలూ మడతల మధ్య దూరం సమానంగా ఉంచాను. శంఖం రాలేదు, వలయం వచ్చింది. చుట్టు తిరిగి వచ్చి తన మొననే ఢీకొనేది. నిజమైన శంఖంలో ఒక్కో చుట్టు అంతకుముందున్న చుట్టుకంటే ఒకే నిష్పత్తిలో పెద్దదవుతుంది. గణితంలో దీన్ని లాగరిథమిక్ సర్పిలం అంటారు. ఈ వక్రం మీద మక్కువతో స్విట్జర్లాండ్ గణితవేత్త జాకబ్ బెర్నూలీ దాన్ని తన సమాధి రాతి మీద చెక్కమని కోరాడట. ఆయన 1705లో చనిపోయాక బాసెల్‌లో శిల్పి చెక్కింది మాత్రం చుట్ల మధ్య దూరం సమానంగా ఉండే వేరే సర్పిలం. ఆ సంగతి చదివాక స్కేలు పక్కన పెట్టి, ప్రతి మడతనూ ముందుదానికంటే ఆరో వంతు పెంచుతూ వేయడం మొదలుపెట్టాను. ఆ సాయంత్రమే తొలి సిసలైన శంఖం చేతికొచ్చింది.

ఇక కాగితాల సంగతి. ఒక వైపు రంగు, మరో వైపు తెలుపు ఉండే మామూలు ఒరిగామి కాగితంతోనే ఎవరైనా మొదలుపెడతారు, నేనూ అంతే. చదరపు మీటరుకు 60, 70 గ్రాముల బరువుంటుంది. గోరుతో ఒక్కసారి రాస్తే గీత పడుతుంది, నేర్చుకునే చేతికి ఇంతకంటే అనువైనది లేదు. కానీ శంఖం దీని సత్తాను గట్టిగా పరీక్షిస్తుంది. రెండుసార్లు గాలిపటం మడత వేసేసరికి నాలుగు పొరలవుతాయి. దాని మీద కొండ, లోయ జంటగా కలిసిన కుచ్చు మడత పడిన చోట పన్నెండు. మొన దగ్గర ఆ పన్నెండు పొరలూ బియ్యపు గింజంత జాగాలో ఇమడాలి. లోపలి పొరలు బయటికి తోసుకొస్తాయి, అంచు గుండ్రబడి గీత పదును పోతుంది. రంగు పైపూతే కాబట్టి అక్కడక్కడా చిట్లి వెంట్రుకంత తెల్లగీత బయటపడుతుంది. లేతరంగు కాగితంలో అది కంటికి ఆనదు, ముదురు నీలంలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పెట్టెలోని మామూలు కాగితపు శంఖాలన్నీ ఏడాది తిరిగేలోపు కొంతైనా విచ్చుకున్నాయి. తేమ ఎక్కువైన రోజుల్లో వేగం మరీ పెరిగింది. కిటికీ వైపున్న ఎర్ర శంఖం ఇప్పుడు ఇటుక పొడి రంగులో ఉంది.

ఒకసారి కొన్న కట్టలో కాగితాలు సరైన చదరాలే కావు. ఒక వైపు మిల్లీమీటరు ఎక్కువ. పడవకో పక్షికో అది పెద్ద లెక్క కాదు. శంఖంలో ఆ మిల్లీమీటరు మొన దాకా పాకి చుట్టునంతా ఒక పక్కకు లాగేస్తుంది. అప్పటి నుంచి కొత్త కట్ట విప్పగానే ఒక కాగితాన్ని రెండు కర్ణాల మీదా మడిచి మూలలు కలుస్తున్నాయో లేదో చూస్తాను. మీరూ తప్పకుండా చూడండి.

లోహపు రేకు అంటించిన కాగితం మీద నేను చాలా ఆశ పెట్టుకున్నాను. వంచిన చోట వంచినట్టే నిలుస్తుంది, విచ్చుకోదు. రెండేళ్ల కిందటి రేకు శంఖం చుట్టు ఇప్పటికీ చెక్కు చెదరలేదు. అయినా నాకు నచ్చలేదు. తప్పు గీత పడితే అది చెరగదు, ప్రతి తడబాటూ మెరుస్తూ కనిపిస్తుంది. అంతకంటే పెద్ద లోటు, శంఖం ఒంటికి ఉండే నునుపు దీనికి రాకపోవడం. గుల్ల పొంగును వేలితో సరిచేయబోతే సొట్టలు పడతాయి.

నా మనసు గెలిచింది వాషి. జపాన్‌లో కోజో అనే మల్బరీ జాతి పొద నారతో చేసే పలుచని కాగితం ఇది. నార పొడవుగా ఉండటంతో పన్నెండు పొరల దగ్గర కూడా చిరగదు, చిట్లదు. కానీ ఉన్నది ఉన్నట్టు మడిస్తే బట్టలా మెత్తగా జారిపోతుంది. దీనికి గంజి పెట్టాలి. మిథైల్ సెల్యులోజ్ అనే జిగురు పొడిని నీళ్లలో కలిపి, రాత్రంతా నాననిచ్చి, వెడల్పు కుంచెతో కాగితానికి పూసి గాజు పలక మీద ఆరబెడతాను. మర్నాడు పలక మీంచి ఊడదీస్తుంటే చిన్నగా పటపటలాడుతుంది. ఆ చప్పుడు వినిపించిందంటే మడతకు సిద్ధమైనట్టే. శంఖం పూర్తయ్యాక వేలు కొద్దిగా తడిచేసుకుని లోపలి నుంచి గుల్లను మెల్లగా పొంగిస్తాను. ఆరేసరికి ఆ పొంగు గట్టిపడి అలాగే ఉండిపోతుంది. తడిపి మడిచే ఈ పద్ధతికి ఆద్యుడు జపాన్ ఒరిగామి కళాకారుడు అకిరా యోషిజావా (1911–2005). ఆయన మడిచిన జంతువుల ఒంట్లో కనిపించే మెత్తదనం రహస్యం ఇదే. మూడేళ్లు దాటిన నా వాషి శంఖాల్లో ఒక్కటీ విచ్చుకోలేదు.

విసనకర్రలా విచ్చుకునే ఆల్చిప్పకు మాత్రం ఇంత శ్రమ అక్కర్లేదు. లోపలిదాకా రంగు పట్టిన కాస్త మందపు కాగితం తీసుకుంటే చాలు, గీతలు నిటారుగా నిలబడతాయి.

చుట్టు శంఖాల మీద ఆసక్తి ఉంటే జపాన్ ఒరిగామి కళాకారిణి తొమొకో ఫుసే రచనలు చూడకుండా ఉండకండి. చదునైన కాగితంలోంచి సర్పిలాలు పుట్టించడంలో ఆమె చూపిన క్రమశిక్షణ వల్లే నా చేతి మడత కుదురుకుంది.

మరొక మాట, ఇది కాగితానికి సంబంధించింది కాదు. మొన పైకి, నోరు మన వైపు ఉండేలా పట్టుకుంటే సముద్రపు శంఖాల్లో అత్యధిక భాగానికి నోరు కుడి పక్కన ఉంటుంది. కాగితపు చుట్టు మధ్యభాగాన్ని ఏ వైపు నుంచి బయటికి తోస్తామో దాన్ని బట్టి శంఖం కుడిదో ఎడమదో అవుతుంది. పెట్టెలో పై వరసలోని తొలి పదకొండూ ఎడమవే. వాటిని తీయలేదు, వెనక్కి తోయలేదు. ఈ వారం అదే కొలతలో, గంజి పెట్టిన తెల్ల వాషితో కుడి శంఖాలు పదకొండు మడిచి ఒక్కోదాన్ని దాని జత పక్కన ఉంచుతున్నాను. ఇప్పటికి నాలుగయ్యాయి.