రూమ్ రెంట్ లిమిట్ చూడకుండా అడ్మిట్ కాకండి

నల్లగొండ, మిర్యాలగూడ వైపు హెల్త్ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు, కొత్తగా తీసుకునేవాళ్లు ఇది చదవండి.

మా నాయనకు హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ చేయించాం. పాలసీ 3 లక్షలది. "జేబులోంచి రూపాయి తీసే పనిలేదన్నా" అన్నాడు ఏజెంటు. పాలసీలో మాత్రం రూమ్ రెంట్ రోజుకు 1 శాతం, అంటే 3,000 అని ఉంది. ఆ రేటు రూములు ఖాళీ లేవని ఆసుపత్రివాళ్లు 5,000 రూము ఇచ్చారు. పైన రెండు వేలు మనం కట్టుకుంటే అయిపోతుంది కదా అనుకుంటాం. కాదు.

5,000లో 3,000 అంటే 60 శాతం. సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు ఫీజు, థియేటర్ ఛార్జీ, అన్నిట్లో ఇన్సూరెన్స్ కంపెనీ 60 శాతమే ఇచ్చింది. సర్జన్ ఫీజు 40,000 వేస్తే వచ్చింది 24,000. దీన్నే ప్రొపోర్షనేట్ డిడక్షన్ అంటారు. రూము ఖరీదు పెరిగితే ఫీజులూ పెరుగుతాయన్నది వాళ్ల లెక్క. అయితే రూమును బట్టి ఫీజులు మార్చని ఆసుపత్రిలో ఈ కోత పెట్టకూడదని ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ నిబంధన ఉంది. అందుకే డిశ్చార్జికి ముందే ఆసుపత్రి నుంచి రూముల వారీ రేట్ల పట్టిక అడిగి తీసుకోండి. అడగందే ఎవరూ ఇవ్వరు.

ఇంకో దెబ్బ చూడండి. మందులు, స్కానింగుల బిల్లుల్లోనూ అదే 40 శాతం కోత! మందులు, పరీక్షలు, ఇంప్లాంట్లు, ఐసీయూ ఛార్జీలకు ఈ కోత వర్తించదు. ఆ నిబంధన చూపించి మెయిల్ పెడితే ఆ డబ్బు కిక్కురుమనకుండా వేశారు. అడగనివాళ్ల సంగతేంటి మరి? గ్లౌజుల్లాంటి సామాన్ల డబ్బు మాత్రం చాలా పాలసీల్లో రాదు, వాటిమీద కొట్లాడి లాభం లేదు.

"రీజనబుల్ అండ్ కస్టమరీ" అని రాసి ఫీజు తగ్గిస్తే, చుట్టుపక్కల ఆసుపత్రుల్లో అదే వైద్యానికి తీసుకునే రేటుతో పోల్చామని అర్థం. ఏ ఆసుపత్రుల రేటుతో పోల్చారో రాతపూర్వకంగా అడగండి.

కొత్త పాలసీ తీసుకున్నవాళ్లు ముందు కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్‌లో (పాలసీ ముఖ్య విషయాలు రాసిచ్చే కాగితం) రూమ్ రెంట్, కో-పే (బిల్లులో మనం కట్టుకోవాల్సిన వాటా) చూసుకోండి. నచ్చకపోతే 30 రోజుల్లోపు వాపసు చేయొచ్చు.

మా సర్జన్ ఫీజు గొడవ ఇంకా తెగలేదు. కంపెనీకి రాసిన ఫిర్యాదుకు 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్, అంటే బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి దగ్గరికి పోవచ్చు. ఫీజు లేదు, వకీలూ అక్కర్లేదు. మేం ఆ కాగితాలే సర్దుతున్నాం.