పాకుడు వదిలించే పౌడరు: నాలుగు స్టార్లిచ్చి ఒకటి ఎందుకు కోసానంటే

అంబాజీపేట దగ్గర ఊరండి మాది, చుట్టూ కొబ్బరి తోట, ఇంటికి ఉత్తరం వైపు గోడకి ఎండ తగిలేదే తక్కువ, దాంతో వానాకాలం అయ్యేసరికి కింద నుంచి కిటికీ దాకా పచ్చగా పాకుడు, సన్‌షేడ్ కింద నల్లటి చారలు. వేలితో గీస్తే ఆకుపచ్చ జిగురు గోళ్ళలోకి వచ్చేస్తుంది.

కిందటేడు టౌన్ నుంచి క్లీనింగ్ వాళ్ళని పిలిచాం, పేరు అనవసరం. డ్రమ్ములో బ్లీచింగ్ లిక్విడ్ కలిపి మోటారు పెట్టి కొట్టేసారు. గంటలో గోడ తెల్లబడింది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ మర్నాటికి గోడ పక్కన పోక చెట్టుకి ఎక్కించిన తమలపాకు తీగ అంచుల్నుంచి మాడిపోయింది, కనకాంబరాలు సగం పోయాయి, మా కుక్క బుజ్జిగాడు ఆ తడి గచ్చు మీద తిరిగి కాళ్ళు నాక్కుని సాయంత్రం దాకా చొంగ కార్చుకుంటూ పడుకున్నాడు. ప్రెషర్‌కి పెయింటు పెచ్చులు లేవడం అదనం.

అందుకే ఈసారి ఆన్‌లైన్లో సోడియం పెర్‌కార్బొనేట్ కిలో ప్యాకెట్ తెప్పించా. ఆక్సిజన్ బ్లీచ్ అంటారు కదా, అదే. క్లోరిన్ ఉండదు, నీళ్ళలో పడితే హైడ్రోజన్ పెరాక్సైడూ చాకలిసోడా కింద విడిపోతుంది, ఆ పెరాక్సైడ్ చివరికి నీళ్ళూ ఆక్సిజనే. అలాగని మంచినీళ్ళు కాదండోయ్, సోడా ఘాటుకి గ్లౌజులు లేకపోతే చెయ్యి జారుడుగా అయ్యి మండుతుంది, కళ్ళు జాగ్రత్త.

షాపులో ఒకాయన బ్లీచింగూ బాత్రూమ్ యాసిడూ కలిపి కొట్టెయ్యమన్నాడు, ఆ రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ గ్యాస్, పైగా యాసిడ్ సిమెంటుని తినేస్తుంది. ఇంకొకాయన మైలతుత్తం (కాపర్ సల్ఫేట్) కొట్టమన్నాడు, అది చేపలకి విషం, మా వెనక బోదె చేపల చెరువు పక్కనుంచే పోతుంది, చేపలు తేలితే ఎవరు సమాధానం చెప్తారు?

బుజ్జిగాడిని వీధి వైపు కట్టేసి, కోళ్ళని గంప కింద మూసి, తులసి కుండీ పక్కకి జరిపి, మిగతా మొక్కలకి ముందే ట్యూబుతో ఆకులూ మొదలూ బాగా తడిపేసా, తడిసిన మట్టి మందుని అంతగా పీల్చదు. పొద్దున్నే ఎండెక్కకముందు 10 లీటర్ల గోరువెచ్చని నీళ్ళలో అర కిలో, ప్యాకెట్ మీదున్న లెక్కే. చేలో పురుగుమందు కొట్టే స్ప్రేయర్ ఉంది గానీ అందులో పాత మందు మిగిలుంటుందని ముట్టుకోలేదు, మగ్గూ గచ్చు బ్రష్షే. కింద నుంచి పైకి పూసుకుంటూ పోవాలి, పై నుంచి పోస్తే మురికి గోడ మీద కారిన చోట గీతలు పడిపోతాయి. ఒక 20 నిమిషాలు ఆరనివ్వకుండా ఉంచితే నురగ తెల్లగా లేచి నెమ్మదిగా పాచి రంగులోకి తిరిగింది, అది చూస్తుంటే భలే తృప్తి. తర్వాత పై నుంచి కిందికి కడిగి, మొక్కలకి ఇంకోసారి నీళ్ళు.

పచ్చ పాకుడు ఒక్క దెబ్బకి పోయింది. నల్ల చారలు సగమే పోయాయి, వారం ఆగి రెండోసారి రుద్దితే గానీ లొంగలేదు. స్టార్ కోసింది మాత్రం దానికి కాదు. మిగిలిన నీళ్ళు పారబొయ్యడం ఎందుకని కూల్‌డ్రింక్ బాటిల్లో పోసి మూత బిగించానండి, మధ్యాహ్నానికి బాటిల్ బెలూన్‌లా ఉబ్బి కూర్చుంది! ఆక్సిజన్ వస్తూనే ఉంటుంది కదా, మూత పెట్టకూడదట, పైగా కలిపిన కొన్ని గంటలకే పవర్ పోతుంది, దాచినా దండగే. ఆ ముక్క ప్యాకెట్ మీద చీమ తలకాయంత అక్షరాల్లో, అదీ ఇంగ్లీషులో ఉంది.

మా అత్తయ్యగారైతే "మా రోజుల్లో ఏటా సంక్రాంతికి సున్నం కొట్టించేవాళ్ళం, ఈ పాకుడు గోలే ఎరగం" అంటున్నారు. సున్నం ఘాటుకి నాచు పట్టదు, ఆవిడ మాట నిజమే, కానీ ఈ ప్లాస్టిక్ పెయింటు మీద సున్నం నిలవదు.

మూడు వారాలైంది, తమలపాకు తీగ ఒక్క ఆకు కూడా మాడలేదు. ప్రహరీ మిగిలుంది, దానికి ఇంకో ప్యాకెట్ ఆర్డర్ పెట్టా.